ముందు పోయే గ్యాస్కెట్

నేను ఒక భయస్తురాలిని. అట్ట మీద హెడ్ గ్యాస్కెట్ అని రాశారు గానీ, ఏం చేస్తుంటావని అడిగితే భయపడుతుంటానని చెప్పడమే నిజం. కారు ఇంజనులో కింది భాగాన్ని బ్లాకు అంటారు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడేది అందులోనే. దాని మీద బోర్లించిన మూతను హెడ్డు అంటారు. ఆ రెంటి మధ్యా అప్పడంలా పరిచిన పల్చటి రేకును నేను. నాకు నాలుగు పెద్ద కన్నాలు, చుట్టూ బోలెడు చిన్న కన్నాలు. పెద్దవాటిలో నిప్పు కాపురం ఉంటుంది. చిన్నవాటిలో కొన్నింట్లో నీళ్ళు, కొన్నింట్లో నూనె. ఈ మూడు కుటుంబాలూ ఒకే ఇంట్లో గోడ పంచుకుని బతకాలి. ఒకళ్ళ వాటాలోకి ఇంకొకళ్ళు అడుగు పెట్టారంటే ఇల్లు వల్లకాడే. ఆ గోడను నేనే. నిశ్చింతగా ఎలా ఉండమంటారు?

నేను పుట్టింది చెన్నై దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో. మధ్యన చిల్లుల రేకు పెట్టి, అటూ ఇటూ నల్లటి గ్రాఫైటు పొర వేసి, ప్రెస్సు కిందికి తోసి ఒక్క గుద్దు గుద్దారు. ఆకారం, కన్నాలు, బుద్ధి అన్నీ ఆ గుద్దుతోనే వచ్చాయి. నిప్పు ఉండబోయే కన్నాలకు స్టీలు ఉంగరాలు తొడిగారు. తలకిందులుగా బిగించేస్తారేమోనని ఒంటి మీద ఒక మూల 'టాప్' అని అచ్చు వేశారు. మనుషుల తెలివి మీద మనుషులకే ఎంత నమ్మకమో నాకు పుట్టిన రోజే తెలిసింది.

లారీలో విజయవాడ ఆటోనగర్ చేరి ఒక స్పేర్ పార్ట్స్ షాపులో మేకుకు వేలాడాను. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఒకటే ప్రశ్న అడిగేవాళ్ళు. "పోదుగా?" షాపాయన అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "జన్మలో పోదు." బేరింగుకీ అదే మాట, ఫ్యాను బెల్టుకీ అదే మాట. ఆయన స్కూటరు మాత్రం రోజూ తోసుకుంటూ వచ్చేవాడు.

అలా వేలాడుతున్న నన్ను ఒకరోజు వర్ధన్ కొన్నాడు. పటమట కుర్రాడు, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, మెకానికల్ బ్రాంచి. వాళ్ళ మేనమామ వాడి వాడి, విసుగొచ్చి, ముద్దుల మేనల్లుడికి పాత పెట్రోలు కారొకటి ఇచ్చాడు. దానికి టర్బో ఉంది. టర్బో అంటే పొగ గొట్టంలో వేడి గాలికి తిరిగే చిన్న పంకా. అది ఇంజను నోట్లో గాలి కుక్కుతుంది. చంటివాడు వద్దంటున్నా తల్లి ముద్ద మీద ముద్ద పెడుతుందే, అలాగ. ఎంత కుక్కుతోందో దాన్ని బూస్టు అంటారు. ఆ కారు శ్రీశైలం ఘాట్ రోడ్డులో కాగిపోయి, నాకు ముందు ఆ ఉద్యోగం చేసినావిడ కాలం చేసింది. ఆ ఖాళీకి అభ్యర్థిని నేను.

తీరా ఇంటికి వెళ్ళి చూస్తే నేనొక్కదాన్నే కాదు. భోజనాల బల్ల మీద అప్పటికే ఇద్దరున్నారు. ఒకావిడ ఉక్కు. మూడు పొరలు, మొహం చూసుకోవచ్చు అంత మెరుపు. ఇంకొకావిడ రాగి. బాగా మందం. ఆన్‌లైన్లో వచ్చింది, ఇంకా పెట్టె వాసన పోలేదు. నా నల్లటి ఒంటినీ, అట్టనూ చూసి ఇద్దరూ మొహం తిప్పుకున్నారని నాకు అనిపించింది. అనిపించడంలో నేను ఎప్పుడూ ముందే ఉంటాను.

వర్ధన్ స్నేహితుడు ఫణి మా ముగ్గురినీ ఎత్తి చూశాడు, వేలితో మీటి చూశాడు. పెళ్ళిచూపుల్లో పాట పాడించినట్టుంది.

"కంపెనీది వేస్తే నవ్వుతార్రా," అన్నాడు నన్ను బల్ల మీద పడేస్తూ. "బూస్టు పెంచగానే పటుక్కుమంటది. నా బండికి రాగిదే వేశా. మందం గదా, హెడ్డు కాస్త పైకి లేస్తది, కంప్రెషన్ తగ్గుద్ది, ఇంక ఎంత బూస్టయినా తొక్కొచ్చు. జన్మలో పోదు."

ఇతను షాపాయన చుట్టమేమో అనుకున్నాను. మూత పైకి లేపితే పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందులో మంట తిన్నగా కాలదు, ఎక్కడపడితే అక్కడ భగ్గుమంటుంది. ఈ సంగతి అతను చూసిన వీడియోలో చెప్పి ఉండరు.

"నేను స్టీల్‌ది వేస్తాలే," అన్నాడు వర్ధన్. "నాకు గ్యాస్కెట్ భయం కాదురా. నా ఇంటర్నల్స్ స్టాకు. బూస్టు ఎక్కువైతే ఇంటర్నల్స్ పోతాయేమోనని."

"నావీ స్టాకేగా! ఏం పోవు. ఆదివారం ఇద్దరం ఫుల్ బూస్టు పెట్టుకుని పోదాం."

ఈ మాటలన్నీ చెవిన పడి వంటింటి గుమ్మంలో వర్ధన్ తల్లి హైమావతి నిలబడిపోయింది. ఆమె చేతిలో రెండు గ్లాసుల పాలున్నాయి. రెంటిలోనూ బూస్టు కలిపి ఉంది.

ఇక్కడ మీకొక ముక్క చెప్పాలి. ఇంజనుకు ఇంటర్నల్స్ అంటే లోపలి సామాను. పిస్టన్లు, వాటిని పట్టుకునే రాడ్లు. స్టాకు అంటే కంపెనీ బిగించినవి బిగించినట్టే ఉన్నాయని. హైమావతి చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. ఇంజనీరింగ్ చదివే కొడుకున్న ఏ తల్లికైనా ఇంటర్నల్స్ అంటే కాలేజీవాళ్ళు వేసే మార్కులే. బూస్టు అంటే పాలల్లో కలిపేదే. అది ఎక్కువైతే మార్కులు పోతాయని ఆమె తన చెవులతో విన్నది.

ఆమె వెనక్కి తిరిగి పాలు రెండు గ్లాసులూ సింకులో పారబోసింది. చదువు పాడు చేసే వాటి చిట్టా ఒకటి ఆమె మనసులో ఎప్పుడూ ఉండేది. చల్లగాలి, సెల్‌ఫోను, తడితల, పక్కవీధి కుర్రాళ్ళు. అందులో ఆ రోజు పాలు కూడా చేరాయి. గుడికి వెళ్ళి క్యూలో నిలబడి గ్యాసు కట్టేశానా అని సగంలో ఇంటికి పరిగెత్తుకొచ్చే మనిషి ఆమె. తాళం వేసి లాగుతుంది, నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి లాగుతుంది. ఆమెను చూసిన మొదటి రోజే నాకు సొంత అక్కను చూసినట్టయింది. ఇంటాయనకు థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీ. ఆయన ఇంట్లో ఉంటే నిద్ర, మెలకువగా ఉంటే డ్యూటీ. కాబట్టి ఆ ఇంట్లో భయపడే పనంతా ఆమె ఒక్కతే చూసుకోవాలి.

ఫణి వెళ్ళాక కొడుకు పక్కన చేరింది.

"నాన్నా, నీ ఇంటర్నల్స్ ఎట్టా ఉన్నాయిరా?"

వర్ధన్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. తల్లికి ఇంజను మీద ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందా అని కూడా అనుకోలేదు. "స్టాకే అమ్మా."

"అంటే?"

"వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. ఏమీ పెంచలా."

"మరి పెంచుకోకూడదూ?"

"చానా ఖర్చమ్మా. పాతవి తీసేసి మొత్తం మార్చాలి."

"ఖర్చా! ఎవరికివ్వాలిరా?"

"పూణేలో ఒకతనున్నాడు."

మార్కులు కూడా పూణే నుంచి తెప్పించుకునే రోజులొచ్చాయని ఆమె అర్థం చేసుకుంది. మర్నాడు పొద్దున్నే, కొడుకు ఉక్కావిడను తీసుకుని మెకానిక్ షెడ్డుకు వెళ్ళగానే, బల్ల మీద మిగిలిన మా ఇద్దరినీ చూసింది. వీటికీ ఆ ఇంటర్నల్స్‌కూ ఏదో సంబంధం ఉందని మాత్రం ఆమెకు అర్థమైంది. రాగావిడ బరువు. అందుకని నన్ను చేతిసంచిలో, కొబ్బరికాయ పక్కన పెట్టుకుని కాలేజీ బస్సెక్కింది.

హెచ్‌ఓడీ గదిలో ఆమె కూర్చోలేదు. నన్ను ఆయన బల్ల మీద సాక్ష్యంలా పెట్టింది.

"సారూ, మావాడి ఇంటర్నల్స్ స్టాకంట. బూస్టు పడదంట, మానిపించేశాను. పూణేలో ఎవరో డబ్బులు తీసుకుని మారుస్తాడంట. వాణ్ణేమీ అనకండి. నేను కాళ్ళు పట్టుకుంటా."

ఆయన నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి సంగతి వెలిగి, నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగాడు. ఆ తర్వాత పాఠం చెప్పాడు. ఇంటర్నల్స్ అంటే ఏమిటో, బూస్టు అంటే ఏమిటో, స్టాకు పిస్టన్ మీద లెక్కకు మించి గాలి కుక్కితే ఏమవుతుందో, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాడు. ఆ పాఠం శ్రద్ధగా విన్న మొదటి మనిషి ఆమేనని ఆయన మొహంలో సంతోషం చూస్తే తెలిసిపోతోంది.

"మీవాడి మార్కులకేం ఢోకా లేదమ్మా. వెళ్ళిరండి."

"మరి పోయేదేంటి సారూ?"

"పిస్టన్."

"పోతే?"

"పగులుద్ది. రాడ్డు బ్లాకును పొడుచుకుని బయటికొస్తుంది. నూనె టైర్ల కింద పడుద్ది."

"అప్పుడు లోపల మనిషి ఉంటాడు గదా?"

హెచ్‌ఓడీ బోర్డు వంక చూసుకున్నాడు. "అది సిలబస్‌లో లేదమ్మా," అన్నాడు.

మార్కుల భయంతో లోపలికి వెళ్ళిన హైమావతి పిస్టన్ల భయంతో బయటికొచ్చింది. ఇన్నేళ్ళ భయాల్లో ఆమెకు చేతికందిన మొదటి నిజమైన భయం అది. బస్టాపులో నిలబడి కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే, ఆదివారం వెళ్ళొద్దురా. వెళ్ళినా ఆ బూస్టు పెంచొద్దు. పిస్టను పగులుద్దంట."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మీ సారు."

"మా సారు దగ్గరికెళ్ళావా!" వర్ధన్ గొంతు పెరిగింది. "అమ్మా, నీకు ఫ్యాను ఊడిపడుద్దని భయం, లిఫ్టు ఆగుద్దని భయం. అన్నీ నీకోసం మానుకుంటూ పోతే నేను మంచం మీదే ఉండాలి." ఫోన్ పెట్టేశాడు.

అదే ఆమె అవస్థ. ఎప్పుడూ భయపడే మనిషి మాటకు విలువ ఉండదు. నిజంగా నిప్పు అంటుకున్న రోజు కూడా రోజూ అనే మాటే కదా అంటారు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆమె బస్సు మారి నేరుగా ఆటోనగర్ వెళ్ళింది.

మెకానిక్ మస్తాన్‌వలి షెడ్డులో కారు మూతి తెరుచుకుని ఉంది. హెడ్డు తీసి పక్కన పెట్టారు. ఉక్కావిడ బెంచీ మీద నూనె గుడ్డ పరుచుకుని దర్జాగా పడుకుని ఉంది. వర్ధన్ లేడు, టైర్ల షాపుకు వెళ్ళాడు.

"రండమ్మా," అన్నాడు వలి. "బాబు స్టీల్‌ది ఇచ్చాడు. ఇది వేశామంటే ఇంక జన్మలో..."

"పోదంటావు. అంతేగా?" హైమావతి అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "వలీ, మా ఇంట్లో కుక్కరుకి సేఫ్టీ వాల్వుంటది. విజిల్‌కి పప్పు అడ్డం పడి ఆవిరి ఆగిపోయిందనుకో, ముందు ఆ వాల్వు పోద్ది. పప్పంతా పోయి గోడల మీద పడుద్ది. పడితే పడనీ, తుడుచుకుంటాం. కుక్కరు మాత్రం పేలదు. ఈ ఇంజనుకి ఆ వాల్వు ఏది?"

వలి గడ్డం గోక్కున్నాడు. టర్బోకు వేరే వాల్వు ఒకటి ఉంటుంది గానీ, ఆ కుర్రాళ్ళు దాని నోరు ముందే నొక్కేశారు. "అట్టాంటిది లేదమ్మా దీనికి."

"మరి ఆవిరెక్కువైతే ముందు పోయేది ఏది?"

"స్టీల్‌ది వేస్తే ఇది ఆగుద్ది, పిస్టన్ పోద్ది."

ఆమె సంచిలోంచి నన్ను తీసింది. "ఇది వేస్తే?"

"ఇదే పోద్ది ముందు."

"ఇది పోతే ఏమవుద్ది?"

"ఏముంది, నీళ్ళు లోపలికి పోతాయి. తెల్లపొగ కొట్టుద్ది. బండి ఆగిపోద్ది."

"ఆగిపోద్దా?" ఆమె మొహం ఒక్కసారిగా కళకళలాడింది.

"అంతేనమ్మా. అక్కణ్ణుంచి తోసుకుంటా రావాల."

"అయితే ఇదే వెయ్యి."

వలి పానా కింద పెట్టేశాడు. "పోనిది ఇవ్వమనేటోళ్ళనే చూశా గానీ, పోయేది ఇవ్వమనేటోళ్ళని ఈ ఆటోనగర్లో ఎవరూ చూసుండరు తల్లీ."

నాకెలా ఉంటుందో ఆలోచించండి. ముగ్గురు పెళ్ళికూతుళ్ళలో చివరికి నన్నే చేసుకున్నారు. కారణం అడిగితే, ఈ పిల్లయితే ముందు చస్తుందని చెప్పారు. ఆమె మాటలో తప్పు లేదని కూడా చెప్పాలి. ఆ పిస్టన్లనూ నన్నూ జాతకాలు చూసి జతపరిచింది ఒకే కంపెనీ. కంపెనీ పెట్టిన బూస్టుతో నడిపితే మేం ముసలివాళ్ళమయ్యేదాకా కలిసి కాపురం చేస్తాం. ఒకరిని ఉక్కుతో మార్చి, మిగిలినవాళ్ళను పాతవాళ్ళుగానే ఉంచితే, దెబ్బ మిగిలినవాళ్ళలో బలహీనుడి మీద పడుతుంది. గ్యాస్కెట్ ఎంచుకునేటప్పుడు ఏది గట్టిది అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. మిగిలిన సగం కుక్కరు ముందు నిలబడే మనిషికి తట్టింది.

వలి ఒప్పుకున్నది ఆమె వాదానికి అనుకునేరు. ఉక్కావిడకు హెడ్డూ బ్లాకూ అద్దంలా చెక్కిస్తే గానీ ఒళ్ళు ఆనదు. ఆ చెక్కుడు షాపు, ఓనరు ఇంట్లో పెళ్ళికని, మూసేసి ఉంది. నాకు కాస్త గరుకున్నా సర్దుకుపోయే గుణం. గమ్ము పూయవద్దని నా అట్ట మీద పెద్దక్షరాల్లో రాసి ఉంటే, ఆయన ఆ అట్టతో చేతులు తుడుచుకుని, గమ్ము ట్యూబు కోసం చుట్టూ చూశాడు. అది ఎండిపోయి ఉండడం నా అదృష్టం. ఉక్కావిడను నా కవర్లో పెట్టి అల్మరా అడుగుకు తోసి, బోల్టులు బిగించి హెడ్డు మూసేశాడు. సాయంత్రం వర్ధన్ వచ్చి స్టార్ట్ చేసి, శబ్దం విని, "స్టీల్‌ది వేస్తే ఆ తేడానే వేరు భాయ్," అన్నాడు. వలి దగ్గాడు.

ఆదివారం ఊరికి దూరంగా ఎప్పుడో మూలపడిన విమానాల మైదానానికి వెళ్ళారు. కుర్రాళ్ళు, కార్లు, స్పీకర్ల మోత. మొదటి పరుగు మామూలుగానే సాగింది. నేను నిప్పును నిప్పు వాటాలో, నీళ్ళను నీళ్ళ వాటాలో ఉంచి, అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఫణి లాప్‌టాప్ తెచ్చి బూస్టు పెంచే అంకెలేవో మార్చాడు. "ఇప్పుడు తొక్కు," అన్నాడు.

రెండో పరుగులో టర్బో కుక్కిన గాలి ఇంతా అంతా కాదు. సగం దూరం వెళ్ళేసరికి డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు టకటకమని మొదలైంది. మంట వేళ తప్పి అంటుకుంటోంది. ప్రతి దెబ్బకూ కింద పిస్టన్ నెత్తి పట్టుకుంటోంది. వర్ధన్ స్పీకర్ల హోరులో ఉన్నాడు, వినపడలేదు. వినాల్సిన నేను విన్నాను. నేను తెలిసి చేశానని గొప్పలు చెప్పుకోను. రేకుకు నిర్ణయాలేమిటి? రెండో కన్నానికీ మూడో కన్నానికీ మధ్య నా ఒళ్ళు మరీ సన్నం. అక్కడ కాలింది, కాలి తెగింది. ఆ తెగుడు పక్కనున్న నీళ్ళ దారిదాకా పాకింది. నా జన్మంతా ఏది జరగకుండా చూడాలని భయపడ్డానో అదే జరిగింది. నీళ్ళు నిప్పులో పడ్డాయి.

వెనక తెల్లపొగ లేచింది. కారు నీరసించి, దగ్గి, నెమ్మదిగా ఆగిపోయింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. "ఏం మామా, ఇడ్లీ పెట్టావా బండిలో?" అని ఎవడో అరిచాడు. వర్ధన్ దిగి, తల వంచుకుని తోయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఫణి పరుగు మొదలైంది. కాసేపటికి దూరంగా ఒక శబ్దం, బండ మీద ఇత్తడి బిందె పడ్డట్టు. ఈలలు ఆగిపోయాయి.

సోమవారం వలి హెడ్డు విప్పాడు. పక్కన వర్ధన్, అతని వెనక హైమావతి. కొడుకు ఇంటికొచ్చినప్పటి నుంచి అతన్ని ఒంటరిగా వదల్లేదామె. పాలవాడి దగ్గరికి వెళ్ళినా వెంట వెళుతోంది.

నన్ను చూడగానే వర్ధన్ మొహం మాడింది. "ఇదేంటి భాయ్? నేనిచ్చింది స్టీల్‌ది గదా!"

వలి పానాల డబ్బాలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"నేనే వేయించాను," అంది హైమావతి.

"నువ్వా?"

"ముందు పోయేది ఏదని అడిగి వేయించాను."

"అమ్మా! అందరూ నవ్వారమ్మా. ఫోన్లలో తీశారు. మైదానం ఈ చివర్నించి ఆ చివరిదాకా తోసుకుంటా వచ్చాను."

"తోసుకుంటూ వచ్చావు," అంది ఆమె, ఆ మాటను మిఠాయిలా చప్పరిస్తూ.

అతను ఇంకా ఏదో అనబోయేంతలో ఫణి కారును మోసుకుని చిన్న లారీ ఒకటి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు పక్కనుంచి ఫణి దిగాడు. చేతికి కట్టు, నుదుటి మీద ప్లాస్టరు. కారు నూనె మీద జారి తిరిగి తిరిగి తుమ్మపొదల్లోకి పోయిందట. వలి బానెట్ ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాడు. బ్లాకు గోడకు పెద్ద కన్నం. ఇవతల పెట్టిన చెయ్యి అవతల కనపడింది. హెడ్డు విప్పితే ఫణి వేసుకున్న రాగావిడ బయటపడింది. ఒక్క గీత లేదు, కొత్త బిందెలా తళతళలాడుతోంది. ఫణి చెప్పింది అక్షరాలా నిజం. ఆమె జన్మలో పోదు. ఆమె కింద ఉండాల్సిన ఇంజనే లేదు.

"నీ ఇంటర్నల్స్ ఎట్టా ఉన్నాయిరా?" అని ఫణి నీరసంగా అడిగాడు.

వర్ధన్ వంగి తన పిస్టన్లను ఒక్కొక్కటే వేలితో తడిమాడు. మసి పట్టి ఉన్నాయి గానీ నాలుగూ నిండుగా ఉన్నాయి. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచి, తల్లి వంక చూడకుండా, వలితో చెప్పాడు. "కంపెనీదే ఇంకోటి తెప్పించు భాయ్. బూస్టు కూడా కంపెనీ పెట్టిందే పెట్టుకుంటా."

వలి నన్ను తుక్కు డబ్బాలోకి విసరబోతుంటే హైమావతి చెయ్యి చాపింది. నన్ను వెలుతురుకు తిప్పి చూసి, రెండు కన్నాల మధ్య మాడి తెగిపోయిన చోటు కనిపెట్టింది. కొంగుతో మసి తుడిచి, పెదాలు దగ్గర పెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు వర్ధన్.

"కాలిందిరా," అంది ఆమె.

తుక్కు డబ్బాలోకి ఎవరైనా విసిరేస్తారు. ఆమె వంగి నన్ను అందులో పడుకోబెట్టింది.